సిప్పీఘాట్ నేల ఇంకా పూర్తిగా లేవలేదు

సిప్పీఘాట్,
తేది: 9 మార్చి 2026.

శ్రీయుత ద్వీప శాస్త్ర పథకాల సమన్వయాధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: నాన్సీ, వయసు 24, తండ్రి పేరు లేటు సుందర్‌రాజ్, సిప్పీఘాట్ పల్లపు వీధి. వృత్తి: పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపులో పని. జీతం లేని రెండో వృత్తి కింద ఒకటో పేరాలో ఉంది.

విషయం: "భూ-ఉత్థాన్ అధ్యయన్" అనే కేంద్ర పరిశోధన గ్రాంటు ఏ శాఖదో, బతికుందో చచ్చిందో తేల్చుట గురించియు, "ఉత్థాన్ పూర్తయినది" అని దాని మీద ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఏప్రిల్ 7 లోపల రద్దు చేయుట గురించియు.

సూచిక: నా పాత అర్జీలు పదకొండు. హిందీలో ఆరు, ఇంగ్లీషులో ఐదు. అందిన జవాబులు మూడు. అందిన కుట్టు మిషన్ ఒకటి.

అయ్యా,

తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే మనవి చేసుకోవాలి. జనవరిలో నేను మీ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే మీరు లోపలి నుంచి వస్తూ నా మాట విని ఆగారు. "తెలుగువాళ్ళా? ఏ ఊరు మీది?" అన్నారు. "సిప్పీఘాట్" అన్నాను. "అది కాదమ్మా, అసలు ఊరు" అన్నారు. మా ముత్తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కాడని చెబుతారు. నేను ఆ ఊరు చూడలేదు. నాకు అసలు ఊరు ఇదే. "అయితే తెలుగులో రాసి తే, నేనే చదువుతా" అని నవ్వి మీటింగుకి వెళ్ళిపోయారు. మీరు సరదాకి అని ఉంటారు. నేను సరదాగా తీసుకోలేదు.

తెలుగు అక్షరాలు నాకు బడిలో రాలేదు, సండే స్కూల్లో వచ్చాయి. అర్జీ భాష మా సంఘపెద్ద లాజరస్ తాత పెట్టెలోని పాత నకళ్ళు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే నావి. కోపం కూడా నాదే.

1. 2004 డిసెంబరు భూకంపానికి మా పల్లం దాదాపు ఒక మీటరు కిందికి దిగిన సంగతి తమకు తెలిసినదే. అంతకుముందు వరి పండిన మళ్ళలోకి అప్పటి నుంచి పోటు నీళ్ళు వచ్చి పోతున్నాయి. కాస్త మెరకగా మిగిలింది మా తెలుగు సంఘం సమాధుల తోట ఒక్కటే. అందులో నలభై మూడు సమాధులున్నవి. పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటుకి అక్కడ మోకాలి లోతు నీళ్ళు నిలుస్తవి, మళ్ళీ తీస్తవి. 2014లో డాక్టర్ లహరి గారు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చి ఆ తోట అంచున సిమెంటు స్తంభం కట్టించారు. దాని మీద తెల్లటి గిన్నె బోర్లించినట్టు ఒక పరికరం ఉంటుంది. అది ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకొని, నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో దిగిందో చెబుతుంది. స్తంభం పక్కన నీటి మట్టం చూడటానికి గీతలు గీసిన కర్ర ఉంది. ఈ రెంటినీ చూసుకునే పని మా నాన్నకిచ్చారు. 2022 ఆగస్టు నుంచి ఆ పని నేను చేస్తున్నాను. గిన్నె మీద కాకిరెట్టలు తుడవడం, సోలార్ పలక మీద ఉప్పు మంచినీళ్ళతో కడగడం, కర్ర చూసి నోటుబుక్కులో రాయడం, ఒకటో తారీఖున మెమరీ కార్డు మార్చడం. నన్ను ఎవరూ నియమించలేదు. ఎవరూ వద్దనలేదు. నేను కూలి అడగటం లేదు. దయచేసి ఈ అర్జీని లేబర్ కట్టలో కట్టవద్దు. ఇంతకుముందు రెండు అలాగే పోయినవి.

2. ఇది ఫిర్యాదు కాదు, వివరం. మా నాన్న కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా పోటు నీళ్ళలోంచే స్తంభం దగ్గరికి వెళ్ళొచ్చారు. ఎలుక జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున పోయారు. ఆ మర్నాడు పున్నమి. శవపెట్టె తీసుకొని వెళ్ళేసరికి తోట నిండా నీళ్ళు. గుడి నుంచి రెండు బెంచీలు తెచ్చి పెట్టెను రోడ్డు మీద పెట్టుకొని కూర్చున్నాం. పాస్టర్ గారు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఎప్పటికి తీస్తాయి, నాన్సీ?" అని అడిగారు. కర్ర చూసి వచ్చి, "మూడున్నరకి" అన్నాను. మూడున్నరకే తీసినవి. గోతిలో ఊరిన నీళ్ళు బకెట్లతో తోడి దించాం. నా లెక్క మీద జరిగిన మొదటి పని అది. ఆ స్తంభం లెక్కలు నమ్మవచ్చునా అని అడిగే ఆఫీసర్లకు నా జవాబు కూడా అదే.

3. ఇక అసలు విషయం. గ్రాంటు ఉత్తర్వు హిందీ నకలులో పథకం పేరు "భూ-ఉత్థాన్ అధ్యయన్" అని ఉంది. అంటే దిగిన నేల తిరిగి పైకి లేవడాన్ని పరిశీలించడం. కానీ హిందీలో బీదవాళ్ళని, ఆడవాళ్ళని పైకి తేవడాన్ని కూడా ఉత్థాన్ అనే అంటారు. మా సంఘానికి ఆ మాట ఇంకో రకంగా తెలుసు, పునరుత్థానం అని. 2014లో ఆరాధన అయ్యాక లహరి మేడమ్ ఈ పేరు చెప్పి వివరిస్తుంటే, కొడుకును ఆ తోటలోనే పెట్టుకున్న మా వెరోనికా మామ్మ లేచి, "ఏటమ్మా, ఆ డబ్బా పెడితే మావోడు లెగుస్తాడేటి?" అని అడిగింది. అందరూ నవ్వారు. అప్పుడు లాజరస్ తాత, "లెగిసేది నేలే! మనోళ్ళ సంగతి దేవుడు సూసుకుంతాడు, నేల సంగతి గవర్మెంటోళ్ళు సూసుకుంతారంట. ఎవుళ్ళ డిపార్ట్‌మెంటు ఆళ్ళది" అన్నాడు. అలా ఒప్పుకొని స్తంభానికి చోటిచ్చాం. దేవుడి డిపార్ట్‌మెంటు మీద నాకు ఫిర్యాదు లేదు.

4. గ్రాంటు 2014లో ఐదేళ్ళకు, 2019లో మళ్ళీ ఐదేళ్ళకు ఇచ్చారు. 2022లో మేడమ్ రిటైరయ్యారు. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. మేడమ్ ఆఫీసుకి నేను పంపిన మెమరీ కార్డులు "చిరునామాదారు లేరు" అని తిరిగి వస్తుంటే గ్రాంటు ఏమైందో వెతకడం మొదలుపెట్టాను. అంతరిక్షం చూసే పెద్దాఫీసుకు రాశాను. స్తంభం నేల మీద ఉన్నది గనుక నేల శాస్త్రం వారిని అడగవలెనని జవాబు. నేల శాస్త్రం వారికి రాశాను. సిగ్నల్ ఉపగ్రహముల నుండి వచ్చుచున్నది గనుక అంతరిక్షం వారిని అడగవలెనని జవాబు. రెండు జవాబులూ జతపరిచాను. రెంటి మీదా తారీఖు ఒకటే. ఆకాశం వాళ్ళు కిందికి చూపించారు, భూమి వాళ్ళు పైకి చూపించారు. మధ్యలో స్తంభం పక్కన గుడ్డ పట్టుకొని నేనున్నాను. మేడమ్‌కి ఫోన్ చేస్తే, "నాన్సీ, నా సంతకం ఇప్పుడు నా ఇంటి కరెంటు బిల్లుకు తప్ప ఎందుకూ పనికిరాదమ్మా" అన్నారు. ఆమె గొంతులో సిగ్గు ఉంది. సిగ్గుపడింది ఆమె ఒక్కరే.

5. గ్రాంటులో స్తంభం నిర్వహణకిచ్చే డబ్బు మన ద్వీపాల ఆఫీసు, అంటే మీ ఆఫీసు ద్వారానే రావాలి. ఆ ఫైలు ఎక్కడుందని అడగగా అడగగా మీ సెక్షన్ గుమాస్తా గోపినాథ్ గారు సంక్షేమం కట్టలో ఉందని చెప్పారు. అక్కడ జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"దీదీ, ఫైల్ మీద ఏటి రాసుంది? ఉత్థాన్. ఉత్థాన్ కా కామ్ ఎవరిది? వెల్ఫేర్‌ది. మరి నా గల్తీ ఏటి?"

"ముందు భూ అని ఉంది కదా, భయ్యా."

"ఉంది. భూమిలేని ఆడోళ్ళ ఉత్థాన్ అనుకున్నాం."

"స్తంభం, ఉపగ్రహం అని లోపల రాసి ఉంటుంది కదా!"

"అంత లోపలికి ఎవరు చదువుతారు, దీదీ?"

ఆయన చెడ్డవాడు కాదు. నాకు టీ తెప్పించాడు. ఆ టీ తాగినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంటగా ఉంది.

6. 2024 ఫిబ్రవరిలో మా ఇంటికి కుట్టు మిషన్ వచ్చింది. కూడా ఒక కాగితం: "మీ అభ్యర్థన ఆమోదించబడినది." నేల లేస్తోందా లేదా చెప్పే గ్రాంటు ఎక్కడ అని అడిగితే కుట్టు మిషన్ ఇచ్చారు. తిరిగి పంపేస్తానంటే మా అమ్మ సంతోషకుమారి, "ఉంచవే. ఏదో ఒకటి వచ్చింది గదా ఈ గవర్మెంటు కాడ్నించి" అంది. నాకు కుట్టు రాదు. అమ్మకి చూపు ఆనదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. మిషన్ తెచ్చినతను "ముట్టినట్టు సంతకం పెట్టు" అంటే పెట్టాను. పొద్దున్నించి సాయంత్రం దాకా బజార్లో ఊరందరి ఫారాలు నింపేదాన్ని. "చదవకుండా సంతకం పెట్టకండి అంకుల్" అని రోజుకి ఇరవై మందికి చెప్పేదాన్ని. నా కాగితం నేను చదవలేదు. దాని అడుగున సన్నక్షరాల్లో, "భూ-ఉత్థాన్ పథకము ద్వారా నాకు ఉత్థాన్ కలిగినది, ఇక రావలసినది లేదు" అని హిందీలో ఉందట.

7. ఉందని పోయిన నెలలో తెలిసింది. షాపులో గిరాకీ లేని మధ్యాహ్నాలు కేంద్రం వారి పరిశోధన గ్రాంట్ల జాబితాలు ఒక్కొక్కటే తెరిచి వెతుకుతూ వచ్చాను. ఏడు నెలలు పట్టింది. రాష్ట్రాల వరసలో మన ద్వీపాలు లేవు. "ఇతరములు" కింద ఉన్నవి. ఊరి పేరు కొట్టినా దొరకలేదు, ఎందుకంటే ఎవరి కంప్యూటరో సిప్పీఘాట్‌ను దిద్ది "షిప్పింగ్ ఘాట్" చేసింది. పోర్ట్ బ్లెయిర్‌కి కాగితాల్లో కొత్త పేరు వచ్చింది. అది చకచకా అన్ని బోర్డుల మీదికీ ఎక్కింది. మా ఊరి తప్పు పేరు దిద్దేవాడు మాత్రం లేడు. చివరికి షిప్పింగ్ ఘాట్ వరసలో మా గ్రాంటు దొరికింది. దాని ఎదురుగా ఇలా ఉంది: "స్థితి: పూర్తయినది. ఫలితము: ఉత్థాన్ లక్ష్యము సాధించబడినది." ఆధారం కింద జతపరిచిన సర్టిఫికెట్ మన ద్వీపాల ఆఫీసుది. ఆఖరి పేజీలో లబ్ధిదారు సంతకం ఉంది. అది నాది.

అయ్యా, నేలకొలత గ్రాంటును మూసింది నా చెయ్యే. ఇది రాస్తున్న చెయ్యి కూడా అదే.

8. అక్కడితో ఆగితే కాగితం తప్పు అని ఊరుకునేదాన్ని. ఫిబ్రవరి 20న భూమి రికార్డుల వారు సమాధుల తోట గేటుకి నోటీసు అంటించారు. దాని సారాంశం: ఇచ్చట ఉత్థాన్ పూర్తయినట్లు సర్టిఫికెట్ ఉన్నది. పూర్తయిన తరువాత కూడా నీరు నిలుచుచున్నది. కావున ఇకమీదట నేల లేచు అవకాశం లేదు. కావున సదరు స్థలము శాశ్వత మునక, అనగా సముద్రము. అభ్యంతరములు ఏప్రిల్ 7న విచారించబడును.

ఎవరో ఆడవాళ్ళ పేరు మీద మూసిన ఫైలు చూసి మా నేల లేవడం ఆగిపోయిందని తేల్చారు. ఇంత తెలివిని తిట్టడానికి నాకు వచ్చిన మూడు భాషలూ చాలటం లేదు.

సముద్రం అని రాస్తే ఆ స్థలం సంఘానిది కాకుండా పోతుంది. రోడ్డు కట్ట వెడల్పు చెయ్యడానికి అక్కడ మట్టి పోస్తారు. సమాధులు ముందు తరలించరా అని పాస్టర్ గారు అడిగితే, ఆ నియమం భూమికి వర్తిస్తుంది, సముద్రానికి వర్తించదు అన్నారట. సముద్రంలో సమాధులు ఉండవట. మా నాన్న, వెరోనికా మామ్మ కొడుకు, భూకంపం రోజు దొరికిన ఆరుగురు, ఇంకా పేరు పెట్టకముందే పోయిన ఇద్దరు పసిపిల్లలు, వీళ్ళందరూ ఏప్రిల్ 7 తరవాత కాగితం మీద ఎక్కడా లేనట్టు.

9. తనిఖీ జరిగినది కదా అంటారు. రెండు జరిగినవి. ఒక ఇన్‌స్పెక్టర్ సాయంత్రం నాలుగింటికి వచ్చి "పొడి నేల, ఫిర్యాదు అబద్ధము" అని రాశాడు. ఇంకొకాయన పున్నమి నాడు పొద్దున పదింటికి వచ్చి, ప్యాంటు తడిసి, "సముద్రము" అని రాశాడు. ఆ గంటకి అది నిజం, ఈ గంటకి ఇది నిజం. రెంటికీ మధ్యన పన్నెండేళ్ళ కొలత మా దగ్గరుంది. పాస్టర్ గారు నోటుబుక్కులు, కార్డులు తీసుకెళ్ళి భూమి రికార్డుల వాళ్ళ ముందు పెట్టారు. "ఇది ఏ ప్రాజెక్టుది? బాధ్యులెవరు? సంతకమేది?" అన్నారు. మూసేసిన ప్రాజెక్టు లెక్కలు చెల్లవట. ఈ నెల 31న మిగులు సామాను కింద స్తంభం మీది పరికరం విప్పేస్తామని కూడా కాగితం అంటించారు. అందుకే గ్రాంటు ఎవరిదని అడుగుతున్నాను. డబ్బు కోసం కాదు. ఈ లెక్క మాది అని చెప్పే ఒక్క శాఖ, దాని కింద ఒక్క సంతకం కోసం.

10. ఈ పేరా రాయవద్దని లాజరస్ తాత అన్నారు. "అది సెప్పకే పిల్లా, ఆళ్ళకి నువ్వే తాడు ఇచ్చినట్టు అవుద్ది." రాస్తున్నాను. మేడమ్ నేర్పిన పద్ధతిలో నేను వేసిన లెక్క ప్రకారం మా నేల లేస్తోంది, ఆగలేదు. ఏడాదికి ఐదారు మిల్లీమీటర్లు. కానీ సముద్రం కూడా పెరుగుతోంది. అది తీసేస్తే మిగిలేది ఏడాదికి రెండు మిల్లీమీటర్లు. తోటలో మోకాలి లోతు నీళ్ళు పూర్తిగా పోవడానికి రెండు వందల ఏళ్ళు. అది కూడా సముద్రం ఇప్పటికంటే జోరు చెయ్యకపోతేనే. నా లెక్క తప్పయి ఉండవచ్చు. సరిచేసేవారు ఒక్కరైనా లేకపోవడమే నా బాధ. ఇది దాచి అర్జీ పెట్టవచ్చు. దాచితే నా కాగితానికీ మీ సర్టిఫికెట్‌కీ తేడా ఉండదు.

రెండు వందల ఏళ్ళకైనా లేచే నేల సముద్రం కాదు, అయ్యా. అక్కడ పడుకున్నవాళ్ళకి తొందర లేదు. తొందరంతా మీ ఆఫీసులదే.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(క) "ఉత్థాన్ పూర్తయినది" అన్న సర్టిఫికెట్, అది నేల గురించి కాదని రాసి, రద్దు చేయవలెను. ఆఖరి పేజీలోని నా సంతకం నేను ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటున్నాను. అలా తీసుకునే రూలు లేదంటే రూలు లేకుండానే తీసుకుంటున్నాను.

(ఖ) సదరు గ్రాంటు ఆకాశం వారిదా, భూమి వారిదా, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి తేల్చవలెను. తేలకపోతే నాణెం ఎగరేసి అయినా తేల్చవలెను.

(గ) అది తేలేదాకా ఏప్రిల్ 7 విచారణ వాయిదాకు తమరు లేఖ ఇవ్వవలెను. మార్చి 31న ఎవరినీ స్తంభం మీద చెయ్యి వెయ్యనియ్యకూడదు.

(ఘ) వేరే దారి లేకపోతే నోటుబుక్కుల మీద తమరే సంతకం పెట్టవలెను. పెట్టేముందు చదవవలెను. మొత్తం తొమ్మిది పుస్తకాలు. రెండు రోజుల పని.

ఇక్కడ "చిత్తగించవలెను" అని రాయాలని పాత నకళ్ళలో ఉంది. చిత్తగించవలెను. చిత్తం రాకపోయినా చదవవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఫార్మాట్ ప్రకారం),
నాన్సీ

జతపరిచినవి: పాత అర్జీల నకళ్ళు 11, రెండు శాఖల జవాబులు, జాబితా పేజీ ప్రింటు, సర్టిఫికెట్ నకలు, గేటు నోటీసు ఫొటో, బస్సు లగేజీ టికెట్ 1.

తా.క.: లగేజీ టికెట్ ఎందుకా అనుకుంటారు. ఫిబ్రవరి 23న స్తంభం కింద పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీని ఉప్పు తినేసింది, అది చివరికొచ్చింది. కొత్తది ఇవ్వమని అడగడానికి మర్నాడు మీ ఆఫీసుకే వచ్చాను. "ప్రాజెక్టే లేదు, బ్యాటరీ ఎక్కడిది?" అన్నారు. బయట మీ జీపు నిలబడి ఉంది. డ్రైవర్ టీకి వెళ్ళాడు. పదో నంబరు పానా నా సంచిలోనే ఉంది. ఆ మంగళవారం సాయంత్రం మీ జీపు ఎందుకు స్టార్ట్ కాలేదో ఇప్పుడు మీకు తెలిసింది. డ్రైవర్ని ఏమీ అనకండి, అతనికి తెలీదు. బియ్యం సంచిలో పెట్టుకొని సిప్పీఘాట్ బస్సెక్కితే కండక్టర్ లగేజీ కొట్టాడు. పాత బ్యాటరీ విప్పకుండానే పక్కన మీది కలిపాను. రికార్డులో ఒక్క సెకను కూడా పోలేదు.

జీపుని నలుగురు తోస్తే కదులుతుంది. ఈ రికార్డు ఒక్క పూట ఆగిందంటే దాన్ని తోసేవాళ్ళు లేరు. బ్యాటరీ కోసం మనిషిని పంపితే ఏప్రిల్ 7 తరవాత పంపండి. ముందు పంపితే ఇవ్వను.